డీటీపీ పనికి సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్ టీ480: విజయనగరం నుంచి ఒక రివ్యూ

తెలుగు టైపు మీద బతికేవాళ్ళు ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ముందు కీబోర్డు చూడాలి. తర్వాత స్క్రీన్, ఆ తర్వాత పాడైతే బాగుచేసేవాళ్ళు ఊళ్ళో ఉన్నారా లేదా అన్నది. కంపెనీ పేరు వీటన్నిటి తర్వాతే. నేను అలాగే చూసుకుని లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 అనే మోడల్‌ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పెళ్ళిళ్ళ సీజన్ ఒత్తిడి మొత్తం దాని మీద గడిచింది కాబట్టి ఇప్పుడు దాని మంచిచెడ్డలు నమ్మకంగా చెప్పగలను.

మూడు లాంతర్ల దగ్గర నాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, బిల్లు పుస్తకాలు, పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజుల్లో కరపత్రాలు, ఫ్లెక్సీలు చేస్తాను. పేజీలు అమర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు, ఫోటోషాప్, కోరెల్‌డ్రా నా పనిముట్లు. షాపులో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ ఉంది, దానికి యూపీఎస్ ఉంది. కానీ ముహూర్తాలు దగ్గరపడితే పని షాపులో తెమలదు. రాత్రి ఇంటికొచ్చి కూడా కార్డులు సెట్ చేయాలి. ప్రూఫ్ చూసుకోవడానికి రాలేని పెద్దవాళ్ళుంటే కంటోన్మెంట్‌కో దాసన్నపేటకో మనమే వెళ్ళాలి. మేనమామ పేరు ముందుండాలా, పెదనాన్న పేరు ముందుండాలా అన్నది వాళ్ళ ఇంట్లోనే తేలుతుంది. తేలిన వెంటనే అక్కడే కూర్చుని దిద్ది, మళ్ళీ చూపించాలి. నాకు ల్యాప్‌టాప్ అవసరం పడింది అందుకే.

ఏ కంప్యూటర్ కొనాలన్నది సగం వరకూ నా సాఫ్ట్‌వేరే తేల్చేసింది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత దాని కంపెనీ అడోబీ దాన్ని వదిలేసి, అదే పని చేసే ఇన్‌డిజైన్ వైపు వెళ్ళిపోయింది. అయినా మా ప్రెస్సుల్లో పాత శుభలేఖల ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్‌లోనే ఉన్నాయి. అన్నయ్య పెళ్ళి కార్డు చేయించుకున్నవాళ్ళు చెల్లెలి పెళ్ళికి వచ్చి "అదే డిజైన్ కావాలి" అంటారు, ఆ ఫైలు తెరవగలగాలి. ఇదంతా విండోస్ మీద నడిచే వ్యవహారం. యాపిల్ సొంత ఎం సిరీస్ చిప్‌లు పెట్టిన మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేదు, అంటే మునుపటిలా విండోస్‌ని నేరుగా వేసుకోవడం కుదరదు. మ్యాక్ ఎంత మంచిదైనా నా పనికి పనికిరాదు. ఈ ఒక్క విషయం తెలిశాక ఆ వైపు ఆలోచన ఆపేశాను.

ఇంట్లోవాళ్ళకి మాత్రం ఇది నచ్చలేదు. విశాఖలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు ఫోన్లో, "ఏటప్పా, డబ్బులిచ్చి పాత సామాను కొన్నావా? ఇంకో పదిహేను వేలు ఏసుకుంటే కొత్తదే వచ్చీసేది కదా" అన్నాడు. వాడి మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు. వాడు చెప్పిన కారణం కూడా ఉంది. మీటింగులో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టగానే ఎదుటివాళ్ళు మూత వైపు చూస్తారట. మూత చూసి మనిషి జీతం, హోదా అంచనా వేస్తారట. నా దగ్గరికి వచ్చే పార్టీల్లోనూ అలాంటివాళ్ళు ఉన్నారు. ఒకాయన కూతురి శుభలేఖ కోసం వచ్చి, నల్లటి ఈ పెట్టెని చూసి, "మేడమ్, మీ దగ్గర యాపిల్ లేదా? వైజాగ్‌లో అందరూ దాని మీదే చేస్తున్నారట" అని అడిగారు. చేసి చూపించిన కార్డు నచ్చింది కాబట్టి ఆర్డర్ ఇచ్చారు. అయినా ఆ అనుమానం ఆయన మొహంలో చివరిదాకా ఉంది. కాబట్టి మూత మీద గుర్తుకి విలువే లేదని నేననను. వ్యాపారంలో ఎదుటివాడి నమ్మకం కూడా ఒక సరుకే.

మూత మీద గుర్తు ఎవరికోసం అన్న ప్రశ్నకి యాపిల్ కంపెనీలోనే ఒక జవాబుంది. పాత పవర్‌బుక్ ల్యాప్‌టాప్‌లలో ఆ ఆపిల్ పండు గుర్తు, మూత మూసి మన ముందు పెట్టుకుంటే మనకి నిటారుగా కనిపించేది. మూత తెరిస్తే ఎదురుగా కూర్చున్నవాళ్ళకి తలకిందులుగా కనిపించేది. తర్వాత దాన్ని తిప్పేశారు. ఇప్పుడు తెరిచినప్పుడు ఎదుటివాళ్ళకి నిటారుగా ఉంటుంది, యజమానికి మూసి ఉన్నప్పుడు తలకిందులుగా ఉంటుంది. డబ్బు పెట్టినవాడికి కనిపించేవి స్క్రీన్, కీబోర్డు. గుర్తు ఎదుటివాళ్ళకి. నేను ఎదుటివాళ్ళకి చూపించాల్సింది అచ్చయిన కార్డు కాబట్టి, నా డబ్బు స్క్రీన్ వైపు, కీబోర్డు వైపు పెట్టుకున్నాను.

థింక్‌ప్యాడ్‌కి పేరు లేదని కాదు. చాలా పెద్ద పేరే ఉంది. 1992లో ఐబీఎం మొదలుపెట్టిన వరస ఇది. రిచర్డ్ సాపర్ అనే డిజైనర్ దీనికి ఆ నల్లటి పెట్టె రూపం, కీబోర్డు మధ్యలో ఎర్ర చుక్క ఇచ్చాడు. 2005లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారాన్ని చైనా కంపెనీ లెనోవో కొనేసింది. ఐటీ ఉద్యోగుల చేతుల్లో కనిపించేది కాబట్టి "ఆఫీసు ల్యాప్‌టాప్" అన్న గౌరవం దానికి ఇప్పటికీ ఉంది. కానీ ఆ పేరుని నమ్మి మాత్రమే కొన్నా మోసపోతాం. టీ480 వచ్చింది 2018లో. దానికి బయటికి లాగి మార్చుకునే బ్యాటరీ ఉంది, ర్యామ్‌కి రెండు స్లాట్లు ఉన్నాయి. ఆ తర్వాతి ఏడాది అదే వరసలో వచ్చిన టీ490లో బయటి బ్యాటరీ తీసేశారు. ర్యామ్‌లో ఒక భాగాన్ని బోర్డుకే అతికించి, ఒక్క స్లాట్ మిగిల్చారు. టీ480కే ఎస్ అక్షరం తగిలించిన సన్నటి టీ480ఎస్ ఇంకో వస్తువు, దానికీ బయటి బ్యాటరీ లేదు. పేరు అదే, రంగు అదే, ఎర్ర చుక్క అదే. లోపల సరుకు వేరు.

యాపిల్‌లోనూ ఇదే చూశాం. 2015 నుంచి 2019 దాకా వాళ్ళ ల్యాప్‌టాప్‌లలో బటర్‌ఫ్లై అనే పలచటి కీబోర్డు వచ్చింది. కొంచెం దుమ్ము పడినా మీటలు అంటుకుపోవడం, ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడటం మొదలైంది. 2018లో కంపెనీయే ఉచిత రిపేరు కార్యక్రమం ప్రకటించాల్సి వచ్చింది. అమెరికాలో కేసు నడిచి, 2022లో 5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. అదే కంపెనీ 2020 నవంబరులో ఎం1 చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చింది. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, వేడి తక్కువ, చార్జింగ్ రోజంతా నిలుస్తుంది. ఒకే గుర్తు కింద టైపు చేసేవాడిని ఏడిపించిన యంత్రమూ ఉంది, ఎంతో బాగా పనిచేసే యంత్రమూ ఉంది. గుర్తుని చూసి కొన్నవాడికి ఈ రెండిటిలో ఏది దొరుకుతుందన్నది అదృష్టం.

ఇంటెల్ స్టిక్కర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1991లో ఆ కంపెనీ "ఇంటెల్ ఇన్‌సైడ్" ప్రచారం మొదలుపెట్టి, తమ గుర్తు వేసిన కంప్యూటర్ కంపెనీల ప్రకటనల ఖర్చులో కొంత తామే భరించింది. లోపల ఎక్కడో ఉండే చిప్ పేరు మామూలు జనం నోట్లోకి వచ్చింది అలాగే. ఇప్పుడు మా ఊళ్ళో కూడా షాపుకి వచ్చినవాళ్ళు "ఐ7 కావాలి" అంటారు. ఏ తరం ఐ7 అని అడిగేవాళ్ళు తక్కువ. ఏడో తరం ల్యాప్‌టాప్ ఐ7-7500యు చిప్‌లో ఉన్నవి రెండే కోర్లు, అంటే చిప్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు. ఎనిమిదో తరం ఐ5-8250యులో నాలుగు. పెద్ద అంకె ఉన్న స్టిక్కర్‌కి ఎక్కువ డబ్బు ఇచ్చి, సగం కోర్లు ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు ఉంటారు. అందుకే ఎవరైనా "ఏ కంపెనీ మంచిది" అని అడిగితే, ఏ మోడల్, ఏ సంవత్సరం అని నేను తిరిగి అడుగుతాను. కంపెనీ పేరు ఏళ్ళ తరబడి ఉంటుంది. నాణ్యత మోడల్‌కీ మోడల్‌కీ మారిపోతుంది.

ఇక నా టీ480. ఐ5 ఎనిమిదో తరం, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్. ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో 21,500 రూపాయలకి ఇచ్చారు. ఏదో పెద్ద ఆఫీసు వాడి వదిలేసిన సరుకు. కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి, లీజు అయిపోగానే ఇలాంటివాటిని గుత్తగా తిప్పి ఇచ్చేస్తాయి. అవి తుడిచి, బాగుచేసి ఇలాంటి షాపులకి చేరతాయి. నా దాని మూత మీద ఏదో ఆస్తి నంబరు స్టిక్కర్ పీకేసిన మచ్చ ఉంది. చేతులు ఆనించే చోట కొంచెం మెరుపు తేలింది. ఇవి తప్ప చూడటానికి బాగానే ఉంది.

కీబోర్డు గురించి ఎంత చెప్పినా తక్కువే. అను ఫాంట్లలో నేను టైపు చేసేది యాపిల్ లేఅవుట్ అనే అక్షరాల అమరికతో. మా ఊరి డీటీపీ వాళ్ళలో చాలామంది వేళ్ళకి అదే అలవాటు. తెలుగులో ఒత్తులకీ గుణింతాలకీ షిఫ్టు మీదికి వేలు పోతూనే ఉంటుంది. ఇంగ్లీషు టైపిస్టు కంటే మన చిటికెన వేళ్ళకి పని ఎక్కువ. మీట లోపలికి దిగిందో లేదో వేలికి తెలియకపోతే, కన్ను స్క్రీన్ మీదికి వెళ్ళి చూసుకోవాలి. అలా పేజీకి వందసార్లు చూసుకుంటే రాత్రికి మెడ పట్టేస్తుంది. టీ480 మీటలు లోతుగా దిగుతాయి, దిగినట్టు వేలికి స్పష్టంగా చెబుతాయి, మీట మధ్యలో చిన్న గుంట ఉండటంతో వేలు జారదు. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని చూడకుండా కొట్టి, తర్వాత చూస్తే తప్పుండదు. కొత్త సన్నటి ల్యాప్‌టాప్‌లు షాపుల్లో చాలా వాటిమీద టైపు చేసి చూశాను. బల్ల మీద వేళ్ళు కొట్టినట్టు ఉంటాయి. గంటసేపు బాగానే ఉంటుంది, నాలుగో గంటకి వేళ్ళ చివర్లు నొప్పి పుడతాయి.

కీబోర్డు కింద నీళ్ళు కారిపోవడానికి దారులు పెట్టారు. టీ ఒలికినా, నీళ్ళు ఒలికినా బోర్డుకి చేరకుండా అడుగు నుంచి బయటికి పోయే ఏర్పాటు అది. నాకు ఆ పరీక్ష ఎదురుకాలేదు, ఎదురుకావాలనీ లేదు. కానీ పెళ్ళివారింట్లో పెద్దవాళ్ళ మధ్య కూర్చుని ప్రూఫ్ దిద్దేటప్పుడు, పక్కనే టీ గ్లాసు పెట్టినప్పుడు ఉండే టెన్షన్ కొంత తగ్గింది.

కీబోర్డులో రెండు చిక్కులున్నాయి. ఎడమవైపు కింద మూలన కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్ఎన్ మీట ఉంటుంది. కంట్రోల్ దాని పక్కకి జరిగింది. డీటీపీ చేసేవాళ్ళకి కాపీ, పేస్ట్, సేవ్ అన్నీ కంట్రోల్‌తోనే కదా, మొదట్లో సేవ్ నొక్కాననుకుంటే సేవ్ అయ్యేది కాదు. దీనికి మందు ఉంది. స్టార్ట్ అయ్యేటప్పుడు ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్‌ల తెర) వెళ్తే, కీబోర్డు సెట్టింగ్‌లో ఆ రెండు మీటల పనిని అటూఇటూ మార్చుకోవచ్చు. మార్చాక ఆ బాధ పోయింది. రెండోదానికి మందు లేదు. పక్కన అంకెల మీటలు ఉండవు. బిల్లు పుస్తకాలు, మార్కుల జాబితాలు చేసేటప్పుడు చాలా నెమ్మదిస్తుంది. నేను విడిగా చిన్న నంబర్ ప్యాడ్ కొని తగిలించుకున్నాను.

స్క్రీన్ దగ్గర ఈ ల్యాప్‌టాప్ మామూలు వస్తువే. టీ480 రెండు మూడు రకాల స్క్రీన్లతో వచ్చింది. 1366×768 స్క్రీన్ ఉన్నది ఎంత చవగ్గా ఇచ్చినా డీటీపీవాళ్ళు తీసుకోవద్దు. పేజ్‌మేకర్ టూల్ పెట్టెలు పోగా కార్డు కనిపించే చోటు అరచేయంత మిగులుతుంది, పక్కనుంచి చూస్తే రంగులు మారిపోతాయి. నాది 1920×1080. అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. కానీ రంగులు వెలవెలబోతాయి. పసుపు పాలిపోయినట్టు ఉంటుంది, కుంకుమ రంగు ఇటుక రంగులా కనిపిస్తుంది. శుభలేఖకి ఆ రెండు రంగులే ప్రాణం. అందుకని రంగుల పని ఏదైనా షాపులో డెస్క్‌టాప్ మానిటర్ మీద చూసుకున్నాకే ప్రెస్సుకి పంపుతాను. ఎండ పడే వరండాలో కూర్చుంటే స్క్రీన్ వెలుగు చాలదు. ఫోటో ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్ళు దీన్ని కొంటే బాధపడతారు. స్పీకర్లు కూడా కిందివైపు ఉన్నాయి, సన్నగా వినిపిస్తాయి. నాకు వాటితో పనిలేదు.

బ్యాటరీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. లోపల ఒకటి, వెనక ఒకటి, మొత్తం రెండు. లోపలిది 24 వాట్-అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత). వెనకది చిన్నది కావాలంటే 24, మధ్యరకం 48, పెద్దది 72. ల్యాప్‌టాప్ ఆపకుండానే వెనక బ్యాటరీ లాగేసి ఇంకోటి పెట్టుకోవచ్చు, ఆ కాసేపూ లోపలిది నడిపిస్తుంది. మా ఉత్తరాంధ్రలో అక్టోబరు, నవంబరు వచ్చిందంటే తుపాను హెచ్చరికలు మొదలవుతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విజయనగరం ఎన్ని రోజులు చీకట్లో ఉందో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. అంత పెద్ద ఉపద్రవాన్ని ఏ బ్యాటరీ ఆదుకోలేదు. మామూలుగా గాలివానకి మధ్యాహ్నం పోయి సాయంత్రం వచ్చే కరెంటు అయితే మాత్రం నా పని ఆగదు. షాపువాళ్ళిచ్చిన వెనక బ్యాటరీ బాగా అరిగిపోయి ఉండటంతో కొత్తది వేయించుకున్నాను. దీన్ని మార్చడానికి మెకానిక్ అక్కర్లేదు, రెండు గొళ్ళేలు జరిపితే ఊడి వస్తుంది. పెద్ద బ్యాటరీ పెడితే వెనక బుడిపెలా పొడుచుకొస్తుంది, బరువు పెరుగుతుంది. చిన్న బ్యాటరీతోనే కిలోన్నర పైచిలుకు ఉండే వస్తువు ఇది. భుజానికి తగిలించుకుని నడిచేవాళ్ళు ఆలోచించుకోండి.

బాగుచేసుకునే వీలు చూసే చాలావరకు దీన్ని ఎంచుకున్నాను. దీనిలో ఏ స్క్రూ ఎక్కడ ఉందో, ఏ భాగం ఏ వరసలో విప్పాలో బొమ్మలతో చెప్పే సర్వీసు మాన్యువల్‌ని లెనోవో తన వెబ్‌సైట్లోనే ఎవరైనా దించుకునేలా పెట్టింది. మా వీధి మెకానిక్ కుర్రాడు దాన్ని ఫోన్లో తెరిచి పెట్టుకుని అడుగు మూత విప్పాడు. ఖాళీగా ఉన్న స్లాట్‌లో ఇంకో 8 జీబీ ర్యామ్ పెట్టి, దుమ్ము పట్టిన ఫ్యాన్ తుడిచి, చిప్ వేడి లాగే పేస్ట్ మార్చి గంటలోపు తిరిగి ఇచ్చాడు. ఫోటోషాప్‌లో ఫ్లెక్సీ ఫైలు తెరిచి ఉండగా పేజ్‌మేకర్‌లోకి వెళ్తే ఇంతకుముందు కాసేపు ఆగేది. ఇప్పుడు ఆగడం లేదు.

మా ఇంట్లోనే ఇంకో ల్యాప్‌టాప్ ఉంది, అన్నయ్య కొన్నది. వెండి రంగు, చాలా సన్నం, చూస్తే ముచ్చటేస్తుంది. వారంటీ అయిపోయిన కొన్నాళ్ళకి మూతని పట్టి ఉంచే కుడివైపు కీలు విరిగింది. లోపల చూస్తే కీలుని పట్టి ఉంచే స్క్రూలు చిన్న ఇత్తడి గుబ్బల్లోకి, ఆ గుబ్బలు ఉత్త ప్లాస్టిక్‌లోకి దిగగొట్టి ఉన్నాయి. కీలు బిగుసుకున్నకొద్దీ, మూత తెరిచినప్పుడల్లా ఆ బలమంతా ప్లాస్టిక్ మీద పడి అది పగిలిపోయింది. సర్వీసు సెంటర్ కోసం విశాఖ వెళ్తే, పై ప్యానెల్ మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చు విని అన్నయ్య నోట మాట రాలేదు. ర్యామ్ పెంచుదామంటే అదీ బోర్డుకే అతికించి ఉంది. అది ఇప్పుడు మూత పూర్తిగా తెరిచి, గోడకి ఆనించి వాడుకునే స్థితిలో ఉంది. కొన్న రోజున నా దానికంటే రెండింతల ఖరీదు.

అన్నయ్య కూతురు ఈ ఏడాది ఇక్కడే ఇంజనీరింగ్‌లో మెకానికల్ బ్రాంచిలో చేరింది. దానికి మ్యాక్‌బుక్ కావాలని ఉంది, క్లాసులో ఇద్దరు ముగ్గురి దగ్గర ఉందట. వద్దని చెప్పడం నాకు ఇష్టం లేదు. మా పక్క సందులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడి దగ్గర ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ఉంటే అడిగి తెచ్చాను. అది, నా థింక్‌ప్యాడ్, షాపువాళ్ళు చూడమని ఇచ్చిన ఇంకో కొత్త ల్యాప్‌టాప్, మూడిటి మూతలకీ, పేరు కనిపించే ప్రతిచోటా మిగిలిపోయిన శుభలేఖ కవర్లు కత్తిరించి అంటించాను. "ఇప్పుడు టైపు చెయ్యి, ఫోటోలు చూడు, టచ్‌ప్యాడ్ మీద వేలు కదుపు, ఏది బాగుందో చెప్పు" అన్నాను. ఏది ఏ కంపెనీదో దానికి తెలియకుండా ఎలా ఉంటుంది, ఆకారమే చెప్పేస్తుంది. అయినా పేరు కళ్ళకి కనబడకపోతే ధ్యాస వస్తువు మీదికి వెళ్తుంది. అది చాలాసేపు ఓపిగ్గా చూసింది.

"అత్తా, టైపు చేయడానికి నీదే బాగుంది. స్క్రీన్, టచ్‌ప్యాడ్ మాత్రం దీనివే" అని మ్యాక్ వైపు చూపించింది. నిజమే చెప్పింది. పేరు కప్పేసినా ఆ స్క్రీన్ స్క్రీనే. మంచి పేరంతా ఉత్త ప్రచారమేననుకునేవాళ్ళు ఒకసారి ఆ టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి చూడాలి. ఆ వీడియో కుర్రాడు దాన్ని కొన్నది షోకు కోసం కాదు. అతను వీడియో ఎడిటింగ్‌కి వాడే ఫైనల్ కట్ విండోస్ మీద నడవదు, పెద్ద పెద్ద వీడియో ఫైళ్ళని ఆ చిప్ వేడెక్కకుండా నడిపిస్తుంది. అతని పనికి అది పనిముట్టే. కానీ మేనకోడలికి రేపు మూడో ఏడాదిలో యంత్రభాగాలు డిజైన్ చేసే సాలిడ్‌వర్క్స్ నేర్చుకోవాల్సి రావచ్చు. అది విండోస్ కోసమే చేసిన సాఫ్ట్‌వేర్. ఈ మాట వాళ్ళ సీనియర్‌ని అడిగి తనే తేల్చుకుని వచ్చింది. ఇప్పుడు గ్రాఫిక్స్ చిప్ విడిగా ఉన్న మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌ల మోడల్ నంబర్లు రాసుకుని పోల్చుకుంటోంది. నా టీ480 లాంటిది దానికీ సరిపోదు, ఇందులోని గ్రాఫిక్స్ ఆ పనికి చాలవు. ఆ సంగతి కూడా చెప్పాను.

ఈ విషయాన్ని నేనింత పట్టించుకోవడానికి ఒక కారణం ఉంది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో అప్లికేషన్లు నింపించుకోవడానికి చీపురుపల్లి, గజపతినగరం వైపు పల్లెల నుంచి తండ్రులు మా షాపుకి వస్తారు. ఫీజు కట్టే పని అయ్యాక నెమ్మదిగా అడుగుతారు, "అమ్మా, పిల్లకి కంప్యూటర్ కొనాలట, ఏది కొనమంటావు?" అని. చేతిలో ఒక కాగితం ఉంటుంది. బంధువుల కుర్రాడెవడో ఒక కంపెనీ పేరు, పక్కన ఐ7 అని రాసిచ్చి ఉంటాడు. ఆ కాగితంలో పిల్ల ఏ బ్రాంచి, ఏ సాఫ్ట్‌వేర్ వాడుతుంది, ఊళ్ళో కరెంటు ఎలా ఉంటుంది, పాడైతే ఎక్కడ బాగుచేయించాలి అన్నవి ఏవీ ఉండవు. యాభై, అరవై వేలంటే ఆ ఇంటికి ఒక పంట డబ్బు. ఆ డబ్బు మూత మీది గుర్తుకి పోకుండా పిల్ల చేతికి పనికొచ్చే వస్తువుగా మారాలన్నదే నా ఆరాటం. వాళ్ళకి నేను నాలుగు ప్రశ్నలు రాసిచ్చి, షాపులో ఇవి అడగమని చెబుతాను.

సెకండ్‌హ్యాండ్‌లో టీ480 కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పేవి ఇవి. ప్రాసెసర్ ఎనిమిదో తరందేనని చూసుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునే ఇంటెల్ చిప్‌లు, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. అంతకంటే పాతది ఎంత బాగున్నా ఆ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. షాపులోనే ఆన్ చేసి ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్ళండి. పాస్‌వర్డ్ అడిగితే ఆ ల్యాప్‌టాప్ వదిలేయండి. పాత ఆఫీసువాళ్ళు పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అది, మామూలుగా తీయడం కుదరదు, షాపువాళ్ళు "ఏం పరవాలేదు" అన్నా వినకండి.

ఈ తరం థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (ఆ పోర్టుని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) లోపం వల్ల టైప్-సి పోర్టు మొరాయించడం, చార్జింగ్ ఎక్కకపోవడం జరిగేది. లెనోవో దానికి అప్‌డేట్ విడుదల చేసింది. కొన్న రోజే ఆ అప్‌డేట్ వేయించుకోండి, రెండు టైప్-సి పోర్టుల్లోనూ చార్జర్ పెట్టి చూడండి. బ్యాటరీ రిపోర్ట్ తీయమని అడగండి. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని పక్కపక్కనే రెండు అంకెలు ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే, కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. లోపలి బ్యాటరీ రిపోర్ట్ ఇంకా జాగ్రత్తగా చూడండి, దాన్ని మార్చాలంటే అడుగు మూత విప్పాలి. చివరగా నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా నొక్కండి, ముఖ్యంగా రెండు షిఫ్టులూ. బిల్లు మీద మోడల్ పేరుతో పాటు అడుగున ఉన్న సీరియల్ నంబరు రాయించుకుని, షాపువాళ్ళు ఎన్ని నెలలు హామీ ఇస్తున్నారో దాని కిందే సంతకంతో రాయించుకోండి.